దర్జీ ఇంటి పొగగొట్టం

ఆ రోజు పొద్దున్న దర్జీ అనుకున్నది ఒక్కటే. కరెంటాఫీసు సారు వచ్చి, మేడ మీద కొత్తగా బిగించిన సోలారు పలకలు చూసి సరేనంటే, మధ్యాహ్నానికల్లా మిషను ముందు కూర్చోవాలి. బడులు తెరిచేలోగా పిల్లల యూనిఫారాలన్నీ కుట్టి ఇవ్వాలి. లేకపోతే ఆ పని వీధి చివరి రెడీమేడ్ షాపువాడికి పోతుంది. సరిగ్గా పని ఊపందుకునే వేళకు రోజూ కరెంటు పోతోందనే ఆయన ఎండను నమ్ముకున్నాడు. ఎండ మాట తప్పేది కాదు. మిగతావాళ్ల సంగతే చెప్పలేం.

సారు వచ్చాడు, పలకల చుట్టూ తిరిగాడు, మంచినీళ్లు తాగాడు.

"అంతా బానే ఉంది. ఈ కరెంటంతా మీ ఇంట్లోకేగా?"

దర్జీ తల ఊపేలోగా అత్తగారు అందుకుంది. అల్లుడి గొప్ప చెప్పుకునే అవకాశం ఆవిడకు తరచుగా రాదు.

"ఇంట్లోకేంటి నాయనా, మా అల్లుడు వీధి వీధంతటికీ కరెంటిస్తాడు."

సారు పెన్ను ఆగిపోయింది. "ఇస్తాడా?"

"మిగిలింది లైన్లోకి పోతుంది కద సార్, ఆ సంగతే చెప్తోంది," అన్నాడు దర్జీ.

"పోవడం వేరు, ఇవ్వడం వేరు. పోతే నువ్వు వాడకందారువి. ఇస్తే విద్యుత్ కేంద్రానివి. పెద్దావిడ ఇస్తాడనే అంది, నేను విన్నాను."

"ఆవిడ మాట పట్టుకుంటారేంటి సార్? నిన్న నన్ను గాడిదని కూడా అంది."

"అది మా శాఖలోకి రాదు."

విద్యుత్ కేంద్రమన్నాక పొగగొట్టం ఉండి తీరాలట. బొగ్గు తప్ప ఇంకోటి లేని రోజుల్లో రాసిన చట్టం అది. కొత్తది రాస్తున్నారట, రాసేవాళ్లు ఇంకా మొదటి వాక్యం దగ్గరే కొట్టుకుంటున్నారట.

"పొగే రాదు కద సార్," అన్నాడు దర్జీ.

"ఎక్కణ్ణుంచి రావట్లేదో చూపించాలి కదా. గొట్టమే లేకపోతే రావట్లేదని ఎలా రాయను?"

అలా అడిగి, ఇంట్లోకి వచ్చే తీగ కూడా ఊడదీసుకుని వెళ్లాడు. అనుమతి లేని కేంద్రానికి కరెంటివ్వడం నేరమట.

దర్జీ బావమరిది మేస్త్రీ. అక్క కాపురం నిలబెట్టాలన్న పట్టుదలతో గొట్టాన్ని తాటిచెట్టంత లేపాడు. మేడ మీద ఖాళీ ఉన్నది పలకలకు ఎండ వచ్చే వైపే.

"ఒరేయ్, నీడంతా పలకల మీదే పడుతోంది," అంది అక్క కిందనుంచి.

"చట్టంలో ఎత్తు ఉందక్కా. నీడ లేదు."

సారు మళ్లీ వచ్చి, మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాడు.

"పొగ రావట్లేదేం? అంటే కేంద్రం పనిచేయట్లేదన్నమాట. పనిచేయనిదానికి అనుమతి ఎలా ఇమ్మంటావు?"

దర్జీకి వాదించే ఓపిక అయిపోయింది. లోపలికి వెళ్లి బొగ్గుల కుంపటి తెచ్చి గొట్టం కింద పెట్టి, ఊదాడు. నల్లటి పొగ లేచింది. సారు మొహం విప్పారింది. పొగ హద్దులోనే ఉందని రాసుకుని, 'స్వచ్ఛ విద్యుత్ కేంద్రం' అన్న రేకును తన చేత్తోనే గుమ్మానికి కొట్టాడు.

"మరి మా ఇంటి కరెంటు, సార్?"

"కేంద్రం ఇవ్వాలి గానీ తీసుకోకూడదయ్యా."

ఇక ఆ ఇంటికి లైను కరెంటూ లేదు, ఎండ కరెంటూ లేదు. దర్జీ మిషను మోటారు పీకేసి, అటక మీది పాత తొక్కుడు పలకను బిగించాడు. ఇస్త్రీపెట్టెలోకి నిప్పులు ఎలాగూ సిద్ధంగానే ఉన్నాయి. కాళ్లకు కరెంటు కోత ఉండదు కాబట్టి, యూనిఫారాలు గడువుకు ముందే బడికి చేరాయి. రెడీమేడ్ షాపువాడు నోరెళ్లబెట్టాడు.

"సోలారు పెట్టించాక పని భలే సాగుతున్నట్టుందే," అన్నాడు దర్జీతో.

"సాగుతోంది," అన్నాడు దర్జీ పిక్కలు పిసుక్కుంటూ.

మర్నాడే షాపువాడు మేస్త్రీకి కబురు పెట్టాడు. పలకల సంగతి తర్వాత చూద్దాం, ముందు గొట్టం కట్టమన్నాడు.