మొకాయా మాస్టారి కౌజు పిట్టలు

ఆ శనివారం పొద్దున్న మొకాయా మాస్టారు కెన్యాలోని కిసీ పట్నం బజారుకి బయల్దేరింది వంటింటి పైకప్పుకి రేకులు కొనడానికి. వానలు ముంచుకొస్తున్నాయి, పాత రేకులు జల్లెడలయ్యాయి. మధ్యాహ్నానికి మాస్టారు అద్దె మోటార్‌సైకిల్ మీద తిరిగొచ్చారు. వెనక రేకులు లేవు, గంపలున్నాయి. గంపల నిండా కౌజు పిట్టలు.

"ఏమయ్యా, ఇవి వానని ఆపుతాయా?" అంది ఆయన భార్య కెరూబో.

"పిచ్చిదానా, బజార్లో ఎవరి నోట విన్నా వీటి మాటే! ఈ గుడ్డు తింటే బీపీ, షుగరు, ఆయాసం అన్నీ పోతాయట. ఒక్క గుడ్డు ఖరీదుకి అరడజను కోడిగుడ్లొస్తాయి. కాస్త ఓపిక పట్టు, రేకులేం ఖర్మ, మేడే కట్టిస్తా."

పిట్టలు మాస్టారి మాట నిలబెట్టాయి. గుడ్లు పెట్టడమే ఆలస్యం, పక్కింటి ఒన్సోంగో పెద్దాయన బేరమైనా ఆడకుండా బుట్టెడు పట్టుకుపోయాడు. తర్వాత ఆయన బావమరిది, ఆ వెనకే చర్చిలో పాటలు పాడేవాళ్ళంతా. గేటు దగ్గర జనాన్ని చూసి మాస్టారి ఛాతీ ఉబ్బిపోయింది.

"చూశావా గిరాకీ!"

"చూశాలే. వాళ్ళంతా తింటున్నారా?"

"ఇంత పోసి తినడానికెవరు కొంటారే? పొదిగించి పిల్లల్ని అమ్ముకోడానికి."

"వాళ్ళ దగ్గర కొన్నవాళ్ళో?"

"వాళ్ళూ అమ్ముకోడానికే."

"మరి తినేదెవరు?"

"అన్నీ నీకే కావాలి! అది మార్కెట్టు చూసుకుంటుంది," అని విసుక్కుని, మాస్టారు ఆ వారమే పాడి ఆవుని అమ్మేసి గుడ్లు పొదిగే యంత్రం కొన్నారు. అప్పట్నుంచీ కెరూబో పాలు లేని టీ ఆయన ముందు టక్కున పెట్టి పోయేది.

చూస్తుండగానే ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ కిచకిచలే. గేటు దగ్గరికి వచ్చే పురుగు లేదు. అంతలో కిసుములో ఒక పెద్ద హోటలు లారీలకొద్దీ గుడ్లు కొంటోందని కబురొచ్చింది. మాస్టారు వ్యాను మాట్లాడుకుని, ఉన్న గుడ్లన్నీ ఎక్కించి పరుగెత్తారు. హోటలు ముందు వీధి పొడుగునా జనం బారులు తీరి ఉన్నారు. కెరూబో వచ్చుంటే నోరు మూతపడేది కదా అనుకుంటూ, వరసలో చివరి మనిషి భుజం తట్టారు.

"మీకెన్ని ట్రేలు కావాలి సార్?"

ఆ మనిషి ఎగాదిగా చూశాడు. "అదే నేను మిమ్మల్ని అడుగుదామనుకున్నా."

ఆ ముందువాడూ అమ్మేవాడే. వాడి ముందువాడూ అంతే. చివరికి వంటవాడు బయటికొచ్చి, "అయ్యలారా, ఈ గుడ్డు తినే మనిషి మా హోటల్లో ఒక్కడే ఉన్నాడు. ఆయన నిన్న గది ఖాళీ చేశాడు," అని తలుపేసుకున్నాడు.

కిరాయి కింద గుడ్లు తీసుకోమంటే వ్యాను డ్రైవరు దండం పెట్టాడు. "మా ఇంట్లో పడుకోడానికి చోటు లేదు మాస్టారూ, అన్నీ పిట్టలే."

ఇల్లు చేరేసరికి వాన. వంటింట్లో నీళ్ళు, గేటు దగ్గర ఒన్సోంగో. "మాస్టారూ, నీ పిట్టలు నువ్వే ఉంచుకో. మేత పెట్టలేక నా ప్రాణం పోతోంది," అని గంపలు దించి వెళ్ళిపోయాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ దించారు. మాస్టారు నెత్తిన చేతులు పెట్టుకుని పిట్టల మధ్య కూలబడ్డారు.

కెరూబో కత్తి నూరింది. పిట్టల్ని కోసి, మిరపకాయ, అల్లం దట్టించి, నూనెలో ఎర్రగా వేయించి, మొక్కజొన్న సంకటితో బస్సుల అడ్డాకి మోసుకెళ్ళింది. నైరోబీ బస్సు కిటికీల్లోంచి చేతులు బయటికొచ్చాయి. సాయంత్రానికి గిన్నె ఖాళీ. తినేవాళ్ళు ఎక్కడున్నారో మాస్టారికి అప్పుడు తెలిసింది.

వానలు తగ్గుముఖం పట్టేలోపు వంటింటికి కొత్త రేకులొచ్చాయి. ఆవు రాలేదు గానీ, ఓ దూడ వచ్చింది. ఊళ్ళో పిట్టలు అడుగంటాయి. మాస్టారి కళ్ళు మళ్ళీ మెరిశాయి.

"కెరూబో, పిట్టలకి కరువొచ్చింది. ఇప్పుడు గనక మనం ఓ వెయ్యి పెంచామంటే..."

"ముందు ఆ ఉల్లిపాయలు కొయ్యి."

మాస్టారు కోశారు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అవి ఉల్లిపాయల వల్లేనని, అడగనివాళ్ళకి కూడా చెప్పారు.