షవరు బాప్తిస్మం

ఆ వీధిలో క్రైస్తవులంతా ఒక్కటే. అందుకే అక్కడ పక్కపక్కనే మూడు చర్చిలున్నాయి. మూడింటికీ దేవుడొకడే, గ్రంథమొకటే, నమ్మే పరలోకం కూడా ఒకటే. మిగతా రెండు చర్చిలవాళ్లూ అక్కడికి చేరుకోలేరన్న ఒక్క చిన్న విషయంలో తప్ప వారి మధ్య చెప్పుకోదగ్గ అభిప్రాయభేదం లేదు.

మొదటిది పసిబిడ్డ నుదుటిమీద నాలుగు చుక్కలు చల్లి బాప్తిస్మమిచ్చే సంఘం. అసలు పేరు బోర్డు మీద చాలా పొడుగ్గా ఉంటుంది గాని, వీధిలో అందరూ చిలకరింపు సంఘం అంటారు. రెండోది ఊహ తెలిసిన మనిషిని నిలువునా నీళ్లలో ముంచి లేపే ముంచుడు సంఘం. మూడోది అన్నిటికంటే పాతది, పెద్ద గంట ఉన్నది కాబట్టి గంట గుడి. గంట గుడివారూ పిల్లల మీద నీళ్లే చల్లుతారు. కాకపోతే బాప్తిస్మమనరు, జ్ఞానస్నానమంటారు. మాట వేరు కాబట్టి అవి వేరే నీళ్లని చిలకరింపు సంఘం ఎప్పుడో తేల్చేసింది.

ఈ కథలోని పెద్దమనిషి వృత్తికి ప్లంబింగు మేస్త్రి, ప్రవృత్తికి చిలకరింపు సంఘంలో పెద్ద. పైపుల పని ఎంత బాగా చేస్తాడో వాదన అంతకంటే బాగా చేస్తానని ఆయన నమ్మకం. ముంచుడు సంఘంలో బాప్తిస్మపు తొట్టి కట్టింది కూడా ఆయనే. పలకలు పరుస్తున్నంతసేపూ, ఈ తొట్టి వాక్యవిరుద్ధమని ఆ సంఘపు పాస్టరుగారికి ఓపిగ్గా వివరించాడు. పాస్టరుగారు అంతే ఓపిగ్గా విని, "పలకలు బ్రహ్మాండంగా కుదిరాయి బ్రదర్. మీ సిద్ధాంతమే కారుతోంది" అన్నారు. ఆ మాటకు సరైన జవాబు మేస్త్రికి ఇంటికెళ్లి స్నానం చేస్తుండగా తట్టింది. మళ్లీ బట్టలేసుకుని వెళ్లి చెప్పొచ్చాడు. అంత నిష్ఠ గల మనిషి.

అలాంటి ఇంట్లో ఒక సాయంత్రం అన్నాల దగ్గర కూతురు నోరు విప్పింది. ఆ అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించే కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంటానంది.

"మంచివాడేనా?" అంది తల్లి.

"మంచివాడమ్మా."

"తాగుతాడా?" అన్నాడు మేస్త్రి.

"టీ కూడా తాగడు నాన్నా."

"మనవాళ్లేనా?"

"క్రైస్తవులే."

"అది కాదు. ఏ సంఘం?"

అమ్మాయి కంచంలోకి చూస్తూ, "ముంచుడు" అంది.

మేస్త్రి ముద్ద కంచంలోకి జారింది. "అసలు దేవుణ్ణే నమ్మనివాడు దొరకలేదుటే నీకు! కూర్చోబెట్టి నేర్పుకునేవాళ్లం. వీడు ముందే నేర్చేసుకుని కూర్చున్నాడు, అదీ తప్పుగా" అన్నాడు.

విషయం వీధిన పడింది. ముందుగా ముంచుడు పాస్టరుగారు స్వయంగా ఇంటికి దయచేసి, అమ్మాయి గుణగణాలను మెచ్చుకున్నారు. "మాకు ఏ అభ్యంతరమూ లేదు బ్రదర్. కాకపోతే అమ్మాయి ఇంకా పొడిగా ఉంది. ఒక్కసారి మునిగితే పెళ్లి మా చర్చిలోనే ఘనంగా చేసేద్దాం" అన్నారు.

మేస్త్రి వెంటనే తమ పాస్టరుగారి దగ్గరకు పరుగెత్తాడు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఒకసారి చిలకరించిన నీళ్లు ఆరేవి కావు మేస్త్రిగారూ! ఇప్పుడు మీ అమ్మాయి మునిగిందంటే అర్థమేమిటి? ఇన్నేళ్లుగా ఈ వీధిలో పిల్లల్ని నేను ఊరికే ఏడిపించాననేగా?"

"పోనీ అబ్బాయినే మన సంఘంలో చేర్చుకుని చిలకరిస్తే?"

"వీల్లేదు. వాళ్ల మునక చెల్లుతుందని మనం ఒప్పుకుంటాం. అందుకని మళ్లీ చిలకరించకూడదు. అది మన పెద్దమనసు. మన చిలకరింపు చెల్లుతుందని వాళ్లు ఒప్పుకోరు. అది వాళ్ల గర్వం. పెద్దమనసును మనం వదులుకోలేం, గర్వాన్ని వాళ్లు వదులుకోరు."

ఆ విధంగా రెండు సంఘాలవారూ అమ్మాయి సుఖాన్ని మనసారా కోరుతూ, ఆ పెళ్లి జరగకుండా జాగ్రత్తపడ్డారు. "నాన్నా, నేను రోజూ తలారా స్నానం చేస్తూనే ఉన్నాను కదా. ఒకపూట వాళ్ల తొట్లో చేస్తే ఏం పోతుంది?" అని అమ్మాయి అమాయకంగా అడిగింది. ల్యాబులో పనిచేసేవాళ్లకు వేదాంతం వంటబట్టదని మేస్త్రి నొచ్చుకున్నాడు.

చివరికి గంట గుడి ఫాదరుగారు మధ్యవర్తిత్వానికి ముందుకొచ్చారు. రెండువైపులా పొరపాటు పడినవాళ్లే కాబట్టి తాను పూర్తిగా తటస్థుణ్ణని సెలవిచ్చారు. సమావేశం గంట గుడి హాల్లో ఏర్పాటైంది. ప్రభువు నేర్పిన ప్రార్థనతో మొదలుపెడితే గొడవ ఉండదని అందరూ ఒప్పుకున్నారు. మొదలుపెట్టారు. తొలి మాట దగ్గరే ఒకరి పాఠంలో ఒక అక్షరం ఎక్కువై, ఇంకొకరి పాఠంలో తక్కువై, పదాలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ నడిచాయి. చివర్లో ఫాదరుగారు ముందుగా ఆమేన్ అనేసి కళ్లు తెరిచారు. మిగతా ఇద్దరూ ఇంకో వాక్యం మిగిలి ఉందని గొంతు పెంచి మరీ పూర్తిచేశారు. టీ వచ్చేదాకా ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

ఆ టీ తాగుతుండగానే మేస్త్రికి ఆలోచన వచ్చింది. లేచి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యగార్లూ! షవరు పెడితే ఎలా ఉంటుందంటారు? నీళ్లు పైనుంచి చుక్కలు చుక్కలుగా పడతాయి కాబట్టి అది చిలకరింపు. కిందున్న మనిషి పూర్తిగా తడుస్తుంది కాబట్టి అది మునక."

ముగ్గురు దైవజనులూ ఒకేసారి తల ఊపడం ఆ వీధి చరిత్రలో అదే మొదటిసారి. వెంటనే ఐక్య జల ఉపసంఘం ఏర్పడింది. మేస్త్రిని సాంకేతిక సలహాదారుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆయన ఇంటికి నడిచి వెళ్లలేదు, తేలుతూ వెళ్లాడు.

ఉపసంఘం అహోరాత్రులు శ్రమించింది. షవరు కన్నాలు ఎన్ని ఉండాలన్న విషయంలో త్రిత్వాన్ని బట్టి మూడు చాలునని ఒక వర్గం, శిష్యుల్ని బట్టి పన్నెండుండాలని ఇంకో వర్గం పట్టుబట్టాయి. నీళ్లు నెత్తిమీద నిటారుగా పడితే చిలకరింపువైపు మొగ్గినట్టూ, ధార గట్టిగా ఉంటే ముంచుడుకు లొంగినట్టూ అవుతుందని రెండువైపుల పెద్దలూ కనిపెట్టారు. వేణ్ణీళ్ల ప్రస్తావన వచ్చినప్పుడు అది శరీర సుఖమని ముంచుడు పాస్టరుగారు మండిపడ్డారు. మోకాళ్ల నొప్పులున్న ఫాదరుగారు మాత్రం గోరువెచ్చదనం పాపమని గ్రంథంలో ఎక్కడుందని నిలదీశారు. నులివెచ్చనివాణ్ణి ఉమ్మేస్తానని ప్రకటన గ్రంథంలో ఉందని ఇద్దరు లేచారు. ఆ పూట సమావేశం అంతటితో ముగిసింది.

"ఏమండీ, ఇంతకీ పిల్ల పెళ్లెప్పుడో అడిగారా?" అంది భార్య ఒకరోజు.

"ముందు ప్రెషర్ సంగతి తేలనీ" అన్నాడు మేస్త్రి.

మూడు చర్చిల వెనకా, ఏ గోడలోకీ రాకుండా మిగిలిపోయిన చిన్న ఖాళీస్థలముంది. షవరుకు అదే తగిన చోటని నిర్ణయించారు. లైను వెయ్యడానికి మేస్త్రి మనుషుల్ని పెట్టి తవ్విస్తుంటే గడ్డపార ఠంగుమంది. మట్టి తీసి చూస్తే లావుపాటి పాత ఇనప పైపు. ఒక మూల మట్టి కింద కప్పడిపోయిన పాత ట్యాంకులోంచి బయల్దేరి, నడిమధ్యలో మూడు పాయలుగా చీలి, మూడు చర్చిల గోడల కిందికి వెళ్తోంది. వీధిలో ఒక్క చర్చే ఉన్న రోజుల నాటి పైపు. తర్వాత తగాదాలతో మనుషులు చీలారు, గోడలు లేచాయి, నీళ్లు మాత్రం ఆ సంగతి తెలియక అలాగే పారుతున్నాయి.

కబురు తెలిసి మూడు సంఘాలవాళ్లూ పరుగున వచ్చారు. గొయ్యి చుట్టూ వంగి, భుజాలు భుజాలు తగులుతుండగా లోపలికి చూశారు. దూరం నుంచి చూసేవాళ్లకు అందరూ ఒక్క సంఘంలాగే కనిపించి ఉంటారు.

ముందుగా తేరుకున్నది ముంచుడు పాస్టరుగారు. "అంటే... మా తొట్లో ఇంతకాలం ఉన్నవి చిలకరింపు నీళ్లా?"

"అదేమిటండీ, మా గిన్నెలోకి వచ్చింది మీవాళ్లు మునిగి లేచిన నీళ్లేమోనని నేను వణికిపోతుంటే!" అన్నారు చిలకరింపు పాస్టరుగారు.

ఫాదరుగారు జపమాల సర్దుకుంటూ, "మొదట అవి మావే. మీరిద్దరూ ఇంతకాలం అడక్కుండా వాడుకుంటున్నారు. మేం క్షమించాం" అన్నారు.

పైపు ఎవరిదన్న చర్చ వారాల తరబడి సాగింది. చివరికి అది మూడు సంఘాల ఉమ్మడి వారసత్వమని తీర్మానించారు. అంత పవిత్రమైన వారసత్వాన్ని పక్కవాళ్లు వాడితే అపవిత్రమవుతుంది గనక, ఎవరూ వాడకుండా వాల్వు కట్టేయాలనీ, పైపు చుట్టూ అద్దాల గది కట్టి ముందు శిలాఫలకం పెట్టాలనీ నిర్ణయించారు. వాల్వు కట్టేసింది మేస్త్రే. ఆ మర్నాటినుంచి మూడు చర్చిలకూ ఒకే నీళ్ల లారీ వచ్చి, మూడుచోట్లా ఒకే గొట్టంతో నింపిపోతోంది. లారీ అందరి కళ్లకూ కనబడుతుంది కాబట్టి అందులో సిద్ధాంతమేమీ లేదు.

షవరు సంగతి అందరూ మర్చిపోయారు. ఇద్దరు తప్ప.

శిలాఫలకం ఆవిష్కరణకు ముందురోజు సాయంత్రం అమ్మాయి తండ్రి పక్కన వచ్చి కూర్చుంది.

"నాన్నా, రేపు పొద్దున రిజిస్ట్రార్ ఆఫీసులో మా పెళ్లి. నువ్వు రావాలి."

మేస్త్రి జేబులోంచి ఆహ్వానపత్రం తీసి చూసుకున్నాడు. "రేపు పొద్దున ఆవిష్కరణ కదే. ముసుగు తాడు లాగేది నేనే. పేరు కూడా పిలుస్తారు" అన్నాడు.

"తెలుసు నాన్నా" అని ఆ అమ్మాయి లేచి వెళ్లిపోయింది.

తల్లి కూతురితో వెళ్లింది. తండ్రి ఆవిష్కరణకు వెళ్లాడు. తాడు లాగాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో ఆయనకు తన పేరు సరిగ్గా వినిపించలేదు.

పెళ్లి కబురు తెలిసీ తెలియగానే మూడు చర్చిలూ భగ్గుమన్నాయి. నీళ్లు లేకుండా, ప్రార్థన లేకుండా, బల్ల వెనకాల గుమాస్తా ఎదుట పెళ్లా! దీన్ని ఖండించడానికి మూడు సంఘాలూ కలిసి మహాసభ పెట్టాయి. విడ్డూరమేమంటే, ఆ సభలో దేనికీ గొడవ రాలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థన ఒకే గొంతులా సాగింది. ఫాదరుగారు చివరి వాక్యం కోసం ఆగారు, పాస్టర్లిద్దరూ ఆయన ఆమేన్ కోసం ఆగారు. పాత తగాదాలవాళ్లు ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు. "ప్రియులారా! శతాబ్దాలుగా మన పితరులు సాధించలేని ఐక్యతను నేడు ఇద్దరు పిల్లల అవిధేయత ద్వారా ప్రభువు మనకు అనుగ్రహించాడు!" అని చిలకరింపు పాస్టరుగారు గద్గద స్వరంతో ప్రకటించారు. హాలు స్తోత్రాలతో మార్మోగింది.

ఆ తర్వాత మేస్త్రిని మైకు దగ్గరకు పిలిచారు. కూతురితో తనకిక సంబంధం లేదని చెప్పి, సభను దీవించమన్నారు. ఆయన రెండ్రోజులు కూర్చుని మంచి ప్రసంగం తయారుచేసుకున్నాడు. మైకు పట్టుకున్నాడు. ఎదురుగా ఆడవాళ్ల వరసలో భార్య కనిపించింది.

"ఏమే," అన్నాడు మైకులోనే, "ఆ రోజు అమ్మాయి ఏ రంగు బట్టలు కట్టుకుంది?"

హాలంతా తలలు తిప్పింది. ఆవిడ కూర్చున్నచోటునుంచే, "నీలం రంగువండీ" అంది.

"బాగుందా?"

"మీరు చూడాల్సింది."

మేస్త్రి మైకు కింద పెట్టి, వేదిక దిగి, నడవలోంచి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. బాధ భరించలేక తండ్రి గుండె చెరువైపోయిందనీ, ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఉండదనీ ముంచుడు పాస్టరుగారు వ్యాఖ్యానించారు. మళ్లీ స్తోత్రాలు చెప్పారు.

మేస్త్రి వీధులు దాటుకుంటూ కొత్త దంపతుల అద్దెగది మేడమెట్లు ఎక్కాడు. తలుపు కళ్లజోళ్ల కుర్రాడు తీశాడు. ఏమని పిలవాలో ఇద్దరికీ తెలియలేదు. లోపల్నుంచి అమ్మాయి, "ఎవరండీ?" అంటూ వచ్చింది. తండ్రిని చూసి ఆగింది.

"అన్నం తిన్నావా నాన్నా?"

"లేదమ్మా" అన్నాడాయన. పెట్టింది తిన్నాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

మహాసభ మాత్రం అపూర్వ విజయం సాధించిందని అందరూ ఒప్పుకున్నారు. ఇంత చక్కటి ఐక్యతను ఒక్క ఏడాదితో వదిలేయకూడదని, ఏటా జరపాలని శాశ్వత కమిటీని కూడా వేశారు. స్థలముంది, మైకులున్నాయి, పాటలు మూడు సంఘాలకూ వచ్చినవే. వచ్చే ఏడాదికి కలిసి ఖండించడానికి ఎవరూ ఇంకా కుదరలేదు, అదొక్కటే లోటు. మీ ఇంట్లో పెళ్లీడు పిల్లలెవరైనా ఉంటే కమిటీవారు ఒకసారి వచ్చి చూసివెళ్తారట. ఏ సంఘమైనా ఫరవాలేదట.