మిషన్లో పెట్టిన వేలు

దాచేపల్లి రాళ్ల మిల్లులో సుభానీ ఏళ్ల తరబడి బండలు నునుపు చేస్తున్నాడు. పనున్న రోజే కూలి; దగ్గు మాత్రం రోజూ. అందుకే ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సిమెంటు ఫ్యాక్టరీకి బయల్దేరాడు. అక్కడ పనికి తీసుకుంటామన్నారు; హాజరు మిషన్లో బొటనవేలు ఆనిస్తే పర్మినెంటు ఉద్యోగం వచ్చినట్టే.

మిషన్ అతన్ని గుర్తుపట్టలేదు. వేలు తుడిచాడు, ఊదాడు, గట్టిగా నొక్కాడు. ఎర్రలైటే వెలిగింది. బండలతోపాటు వేలిమీది గీతలూ అరిగిపోయాయి మరి.

"వేలు పడకపోతే జీతం పడదు. గీతలొచ్చాక రా" అన్నాడు మేనేజరు ధనుంజయరావు.

ఉసూరుమంటూ ఇల్లు చేరిన మొగుడి వేలికి అబిదా నెయ్యి పట్టించి, ఇంత లావున గుడ్డ చుట్టింది. "నాలుగు రోజులు ఏదీ ముట్టుకోమాక. మెత్తబడితే గీతలు అయ్యే లేస్తయ్."

పక్కింటి రాములమ్మ గోడమీంచి తొంగిచూసింది. "ఏమే అబిదా, ఏందే ఆ కట్టు?"

"ఏం చెప్పను పెద్దమ్మా! ఫ్యాక్టరీ మిషన్లో వేలు పెట్టాడు. ఇంకేముంది, పోయింది!"

పోయింది ఉద్యోగమని అబిదా ఉద్దేశం. రాములమ్మకు వినపడింది మాత్రం వేలే పోయిందని.

మధ్యాహ్నానికి వీధి వీధంతా బత్తాయిలతో దిగింది. సుభానీ నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు అందులో ఓ తొన పెట్టి, "మాట్లాడమాకయ్యా, చానా నీరసం" అన్నారు. చేరిన రోజే ఫ్యాక్టరీ సుభానీ వేలు మింగిందన్న కబురు ఊరు దాటింది. సాయంత్రం కూలీల నాయకుడు ఆనంద్ బాబు జనాన్ని వెంటేసుకెళ్లి గేటు ముందు బైఠాయించాడు. "సుభానీ వేలు ఇచ్చెయ్యాలి!" అన్న నినాదం ధనుంజయరావు గదిదాకా వినపడింది.

ఆయన జీపేసుకుని పరుగున వచ్చాడు. వెనకే జనం. కట్టు లావు చూడగానే, తనన్న మాటకు వేలే నరుక్కున్నాడనుకుని ఆయనకు ముచ్చెమటలు పోశాయి.

"సుభానీ, రేపే డ్యూటీలో చేరు. పర్మినెంటు! నీకు వేలిముద్రతో పన్లేదు, రిజిస్టర్లో సంతకం పెట్టు చాలు" అని అందరి ముందూ మాటిచ్చాడు.

సుభానీ ఆనందం పట్టలేక దణ్ణం పెట్టబోయాడు. కట్టు అడ్డమొచ్చింది. చటుక్కున ఊడబీకాడు. నేతిలో నిగనిగలాడుతూ బొటనవేలు గోరుతో సహా బయటపడింది.

"వేలు ఉందేంటయ్యా!" అన్నాడు ధనుంజయరావు.

"నేనెప్పుడు లేదన్నా సార్? మీ మిషనే లేదంది."

అందరికన్నా ముందు ఆనంద్ బాబు తేరుకున్నాడు. "ఇచ్చిన మాట మాటే సార్!" అని చప్పట్లు మొదలెట్టాడు. వీధంతా అందుకుంది. మేనేజరు నవ్వలేక నవ్వి జీపెక్కాడు.

మర్నాడు సుభానీ డ్యూటీకి వెళ్లేసరికి, రాళ్ల మిల్లు కూలీలంతా బొటనవేళ్లకు కట్లు కట్టుకుని ఫ్యాక్టరీ గేటు ముందు వరసగా నిలబడి ఉన్నారు.