చెట్టుంటేనే చెక్కు

"ప్రజలకు ముఖ్య గమనిక. ఒక టేకు చెట్టు కనిపించడం లేదు. ఎత్తు ఇరవై అడుగులు. రంగు ఆకుపచ్చ. నిన్న మధ్యాహ్నం వరకూ రత్తమ్మగారి ఇంటి ముందు నిలబడి ఉంది. ఆచూకీ తెలిపినవారికి మంత్రిగారి చేతుల మీదుగా శాలువా కప్పబడును."

ఎస్సైగారు ఈ ప్రకటన మైకులో మూడోసారి చదివారు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి దగ్గరా చెట్టు లేదు.

నేను మా మండలానికి పేపరు విలేకరిని. ద్రాక్షారామం రోడ్డులోని మా ఊరికి రాష్ట్ర మంత్రి రావడం చిన్న విషయం కాదు. ఆయన వస్తున్నదే ఆ చెట్టు కోసం. స్టేజీ ఉంది, షామియానా ఉంది, రెండు వందల కుర్చీలున్నాయి. చెట్టు ఉండాల్సిన చోట గుండ్రటి గొయ్యి ఉంది. ఆ గొయ్యి ఒడ్డున రత్తమ్మ కూర్చుని ఉంది. పక్కన కూతురు దేవకుమారి, చేతిలో ఇంజనీరింగ్ సీటు కాగితంతో.

పాఠకుల సౌకర్యార్థం ఆ పథకం గొప్పతనం చెబుతాను. అయిదేళ్ళ క్రితం ఈ మంత్రి సత్యప్రసాద్ గారు ఇంకా ఎమ్మెల్యేగా ఉన్న రోజుల్లో, పేదపిల్లల కాలేజీ చదువు గురించి ఆలోచించారు. ఆలోచన ఆ సాయంత్రానికే పూర్తయింది. ఏడో క్లాసు చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఒక టేకు మొక్క. పిల్ల పెరుగుతుంది, మొక్కా పెరుగుతుంది. పిల్లకి కాలేజీలో సీటొచ్చిన రోజున అధికారులు వచ్చి చెట్టు చూస్తారు. నిలబడి ఉంటే ఫీజుకి చెక్కు ఇస్తారు. లేకపోతే లేదు. "చెట్టుంటేనే చెక్కు" అన్న నినాదం కూడా ఆయనదే. తల్లిదండ్రులు చెయ్యాల్సిందల్లా నీళ్ళు పొయ్యడం.

మొక్కలన్నీ కడియంలో ఆయన ధర్మపత్ని సంపూర్ణమ్మగారి నర్సరీ నుంచే వచ్చాయి. పూర్తి సేవాభావంతో, కేవలం ప్రభుత్వ ధరకే సప్లయి చేశారు. ఆ మహాతల్లి కోరిందల్లా బిల్లు ఆలస్యం కాకూడదనే.

మొక్కల్లో కొన్ని వరదకి పోయాయి. కొన్ని మేకలకి పోయాయి. కొన్నిటికి మూడో ఏట మునక్కాయలు కాశాయి. ఆ ఇళ్ళవాళ్ళు ఫిర్యాదు చెయ్యలేదు, పులుసులో వేసుకున్నారు. నికరంగా టేకు చెట్టయి నిలబడింది రత్తమ్మ మొక్క ఒక్కటే. నాట్లకి వెళ్ళొచ్చి కాలవ నుంచి బిందెలతో నీళ్ళు మోసింది. పక్కింటి గేదె మీదికొస్తే దానికీ మొక్కకీ మధ్య తను నిలబడింది. అది నేను కళ్ళారా చూశాను.

దేవకుమారికి కాకినాడలో సీటొచ్చింది. రేపు సాయంత్రంలోగా ఫీజు కట్టకపోతే ఆ సీటు తరవాతి ర్యాంకువాళ్ళకి వెళ్ళిపోతుంది. తల్లీ కూతుళ్ళు నిన్న కాలేజీ చూడ్డానికి వెళ్ళి, పొద్దున్న మొదటి బస్సుకి తిరిగొచ్చారు. వచ్చేసరికి గొయ్యి.

ఎస్సైగారు దర్యాప్తు మొదలుపెట్టారు.

"నీ చెట్టుకి శత్రువులెవరైనా ఉన్నారా?"

"గేదె ఉందండి."

ఆయన గేదె వైపు చాలాసేపు చూశారు. వివరాలేవీ రాలేదు.

నేను గోతిలోకి వంగి చూశాను. వేళ్ళు తెగలేదు. మట్టిముద్దతో సహా గోనె చుట్టి లేపిన గుర్తులు. కొమ్మ మీద కాకి నిద్రపోతూ ఉంటే దానికి కూడా తెలియనంత పనితనం.

"కడియం వాళ్ళ చేతిపనిలా ఉందండీ" అన్నాను.

"కడియం మొక్కలు దేశమంతా వెళతాయి" అన్నారు ఎస్సైగారు. "కాబట్టి దొంగ దేశంలో ఎక్కడివాడైనా కావచ్చు."

ఇంత గందరగోళంలోనూ చలించని మహానుభావుడు ఒక్కరే, ఎండీవో హరిబాబుగారు. ఆయన గోతి వైపు చూడడం లేదు, రోడ్డు వైపు చూస్తున్నారు.

"మైకులో ఎందుకండీ అంత గోల?" అన్నారు ఎస్సైతో. "మంత్రిగారు పదకొండు అన్నారంటే ఒంటిగంటకి గానీ రారు. ఈలోగా చెట్టు వచ్చేస్తుంది."

"చెట్టు రావడమేంటండీ?" అన్నాను.

"అంటే... దొరుకుతుందని."

సరిగ్గా అప్పుడు సైరన్ వినిపించింది. పదకొండు కాలేదు. ఇరవై ఏళ్ళ ప్రజాజీవితంలో సత్యప్రసాద్ గారు మొట్టమొదటిసారి టైముకి వచ్చేశారు. హరిబాబుగారు గోతి ఒడ్డున రత్తమ్మ పక్కనే కూలబడ్డారు.

మంత్రిగారు, వెనకాల సంపూర్ణమ్మగారు కారు దిగారు.

"సార్, మీరు... అప్పుడే వచ్చేశారేంటండీ?" అన్నారు హరిబాబుగారు, గోతి ఒడ్డు నుంచి లేవబోతూ.

"మీ ప్రెసిడెంటుగారింట్లో పులస వండారటగా. ఆలస్యమైతే గుడ్లతో జనున్న ముక్కలు మిగుల్తాయా? కాలవవతల ఊళ్ళో సన్మానం సగంలో ఆపించి వచ్చాను. చెట్టేది?"

రత్తమ్మ లేచి చేతులు కట్టుకుంది.

"ఎవరో పీక్కుపోయారండి, అయ్యగారూ. రేపు సాయంత్రానికి ఫీజు కట్టాలండి. చెట్టు లేకపోతే చెక్కు లేదన్నారండి. పిల్ల చదువు పోద్దండి."

మంత్రిగారి కళ్ళు ఎర్రబడ్డాయి. ఒక్క ఊపులో స్టేజీ ఎక్కి మైకు అందుకున్నారు.

"సోదరులారా! ఇందాకే కాలవవతల ఇలాంటి చెట్టు కిందే మాట్లాడి వస్తున్నాను. ఎంత అందంగా ఉంది! కొమ్మకి ఎర్ర రిబ్బను కూడా కట్టారు!"

దేవకుమారి తలెత్తింది. "ఎర్ర రిబ్బనా అండీ? మా చెట్టుక్కూడా నేను దిష్టికి ఎర్ర రిబ్బనే కట్టానండి."

"ఆడపిల్లలందరూ కడతారమ్మా" అని మంత్రిగారు తన ధోరణిలో ముందుకి సాగిపోయారు. "ఇది ప్రతిపక్షాల కుట్ర! ఈ పసిదాని చెట్టు పీకించింది ఎవరైనా సరే, నాలుగేళ్ళ చదువు ఖర్చూ వాళ్ళే కట్టాలి. ఇక్కడే, ఈ పూటే! రాసుకోండి, ఎస్సైగారూ!"

ఎస్సైగారు పెన్ను తీశారు. నేనూ తీశాను.

సంపూర్ణమ్మగారు వెనక నుంచి ఆయన కండువా పట్టుకుని లాగారు. ఆవిడ మెచ్చుకుంటోందనుకున్నారు ఆయన. గొంతు ఇంకా పెంచారు.

"మా పార్టీవాళ్ళైనా వదలను! మా ఇంటివాళ్ళైనా వదలను! కట్టించకపోతే నేను రాజకీయాలే వదిలేస్తాను!"

చప్పట్లతో షామియానా ఊగింది. ఆ చప్పట్లలోనే హారన్ మోగింది.

కడియం లారీ ఒకటి రోడ్డు మలుపు తిరిగింది. దాని మీద పడుకుని, తల వెనక్కి వేలాడేసుకుని, టేకు చెట్టు. చివరి కొమ్మకి ఎర్ర రిబ్బను.

డ్రైవరు యెహెజ్కేలు కిందికి దూకి, ఎవరినీ చూడకుండా హరిబాబుగారి దగ్గరకి పరిగెత్తాడు.

"నా తప్పు లేదండి బాబూ! అక్కడ మీటింగ్ అవ్వకుండానే అయ్యగారు లేచిపోయారు. గబగబా చెట్టు లేపి లారీకెక్కించి వస్తుంటే, అయ్యగారి కార్లు వెళ్ళే దాకా వంతెన దగ్గర పోలీసులు ఆపేశారండి. గొయ్యి అలాగే ఉంది కదండీ? ఐదు నిమిషాల్లో నిలబెట్టేస్తాం. మళ్ళీ మధ్యాహ్నం రామచంద్రపురం మీటింగుకి పట్టుకుపోవాలి."

హరిబాబుగారు కళ్ళు మూసుకున్నారు. అది ధ్యానమని నా ఉద్దేశం.

రత్తమ్మ లారీ దగ్గరకి నడిచింది. రిబ్బను ముడి తడిమి చూసింది. తరవాత స్టేజీ దగ్గరకొచ్చి మైకు కోసం చెయ్యి చాచింది. మంత్రిగారు ఉదారంగా ఇచ్చేశారు. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి యెహెజ్కేలు నోటి ముందు పెట్టింది.

"బాబూ, నా చెట్టు ఎవరు పీకించారు? అందరికీ వినబడేలా చెప్పు."

యెహెజ్కేలు స్టేజీ వైపు చూశాడు. నేల వైపు చూశాడు.

"నాకెందుకండీ..."

"చెప్పవయ్యా!" స్టేజీ మీద నుంచి గర్జించారు మంత్రిగారు. "ఎవడికి భయం? నేనున్నాను!"

"మా ఓనరుగారేనండి."

"ఓనరంటే ఎవరు? పేరు చెప్పు, పేరు!"

"ఆయ్" అన్నాడు యెహెజ్కేలు, మైకు దగ్గరకి ఇంకొంచెం వంగి. "సంపూర్ణమ్మగారండి."