వార్త విన్న చోట

నీలగుండం వంతెన కూలి రైలు నదిలో పడిపోయిన రోజున, దేశంలో ఆ వార్త విన్న ప్రతి మనిషీ విన్న చోటే తనలాంటి మనిషినొకణ్ణి వదిలేసి ముందుకు నడిచాడు. అలా మిగిలిపోయినవాళ్ళను ప్రభుత్వ కాగితాల్లో ‘ఘటనాకాల ప్రతిరూపాలు’ అన్నారు. జనం ఆగినోళ్ళు అన్నారు. వాళ్ళు మట్టీ కాదు, రాయీ కాదు. తాకితే గోరువెచ్చగా తగులుతారు. వయసు పెరగదు, మాట్లాడరు. ఏ పనిలో ఉండగా వార్త చెవిన పడిందో ఆ పనిలోనే, ఆ ముఖంతోనే ఉండిపోతారు.

మెరకపేట మున్సిపాలిటీ పరిధిలో ఇలాంటివాళ్ళు పదకొండు వేల పైచిలుకు తేలారు. మొదటి ఏడాది కాస్త ఇబ్బంది అయింది. బస్టాండులో ఒక ప్లాట్‌ఫారం పూర్తిగా వాళ్ళకే వదిలేయవలసి వచ్చింది. మంగలి షాపులో సగం గడ్డంతో కూర్చున్న ఆయన లేవడు గనక ఆ కుర్చీని గోడవారకు జరిపారు. కూరగాయల బజారులో ఒకావిడ వంకాయను ఎత్తి పట్టుకుని పుచ్చు చూస్తూ ఆగింది. అసలావిడ ఆ తర్వాత కూడా రోజూ వచ్చి, తన పక్కనే నిలబడి, వంకాయలు ఏరుకునేది. కొన్నాళ్ళకు అందరికీ అలవాటైంది. ఆగినోళ్ళ చేతులకు గొడుగులు తగిలించారు, భుజాల మీద తువ్వాళ్ళు ఆరేశారు.

రైల్లో ఉన్నవాళ్ళకు మాత్రం ఆగినోళ్ళు లేరు. వాళ్ళు వార్త వినలేదు.

ఏళ్ళు గడిచేకొద్దీ చాలామందికి తాము ఆగిన చోటు నచ్చకుండా పోయింది. పేకాట బల్ల దగ్గర, పక్కింటి గోడ దగ్గర, పాయఖానాలో ఆగినవాళ్ళు పిల్లలకు ఏం చెప్పుకుంటారు? అలాంటివాళ్ళు మేస్త్రీని పిలిచి, అసలు ఆగినవాణ్ణి గోడ కట్టి మూయించి, కాస్త మర్యాదైన చోట సిమెంటుతో మరొకణ్ణి పోయించుకున్నారు. ఆ రోజు మెరకపేటలో రక్తదానానికి వచ్చినవాళ్ళు పద్నాలుగు మంది. ఇప్పుడు ఆస్పత్రి ముందు ఆ వరసలో సిమెంటువాళ్ళే రెండు వందల ముప్ఫై మంది నిలబడి ఉన్నారు. ఎవరూ తప్పు పట్టలేదు.

ఉప్పులూరి భీమశంకరం మాస్టారుకు సిమెంటు అవసరం రాలేదు. ఆయనకు నోరుంది.

మాస్టారు ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాడు. ఏటా జరిగే సంస్మరణ సభలో మొదటి నుంచీ ఆయనే ప్రధాన వక్త. మొదటి ఏడు ఆయన చెప్పింది చిన్న సంగతి: రైల్వే స్టేషన్లో టీ తాగుతుండగా విన్నాను, గ్లాసు చేజారింది. ఐదో ఏటికి బెంచీ ఎక్కి జనానికి వార్త చదివి వినిపించాడు. పదో ఏటికి రక్తమిచ్చాడు. ఇరవయ్యో ఏటికి లారీ ఎక్కి నీలగుండం వైపు సగం దూరం వెళ్ళి, తన మిత్రుడు గవర్రాజు కోసం నది ఒడ్డున వెతికాడు. సగం దూరంలో నది ఒడ్డు ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అబద్ధమాడాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కిందటేడు విన్నచోట ఈ ఏడు కళ్ళు తుడుచుకోలేదు గనక, ఏటా ఒక ముక్క కలపవలసి వచ్చింది, అంతే. ‘మరి స్టేషన్లో మీ ఆగినోడు కనబడడేంటండీ?’ అని ఎవరైనా అడిగితే, ప్లాట్‌ఫారం పెంచినప్పుడు తీసేశారని చెప్పేవాడు.

ముప్ఫయ్యో ఏట ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఊరూరా స్మృతివనం కట్టి ఆగినోళ్ళందరినీ అందులోకి చేర్చాలి. ప్రతి ఒక్కరూ తమ ఆగినవాణ్ణి గుర్తించి, ఆ రోజున తమను ఎరిగిన ఒక సాక్షి సంతకంతో ఫారం నింపాలి.

ఉత్తర్వు వచ్చిన నెలకు, మున్సిపాలిటీలో ఆ విభాగం చూసే గుమాస్తా శేషుకుమారి మాస్టారింటికి వచ్చింది. ఆమె ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది.

“మాస్టారండీ, శుభవార్తండి. మీ ఆగినాయన దొరికేరు.”

“ఎక్కడ?” అన్నాడు మాస్టారు. ఆ అడగడంలో సంతోషం లేదు.

“హైస్కూలు పాత బిల్డింగు పడగొడుతున్నారు కదండీ. ఇన్నేళ్ళూ తాళమేసున్న మ్యాపుల గది తలుపు పగలగొడితే లోపల మీరున్నారండి.”

మాస్టారు చొక్కా వేసుకుని ఆమె వెంట వెళ్ళాడు. ఆ గదికి కిటికీ లేదు. చిరిగిన ప్రపంచ పటాల మధ్య స్టూలు మీద ముప్ఫై ఒక్కేళ్ళ భీమశంకరం కూర్చుని ఉన్నాడు. ఒడిలో తన నోట్సు పుస్తకం, ఎడమ చేతిలో తెరిచి పట్టుకున్న మరో పుస్తకం, కుడి చేతిలో పెన్ను. ముఖం గుమ్మం వైపు తిరిగి ఉంది. ఆ ముఖంలో నవ్వుంది. చిరునవ్వు కాదు. పై వరస పళ్ళన్నీ కనబడుతున్నాయి.

మాస్టారుకు అంతా గుర్తొచ్చింది. అసలు ఎన్నడు మరిచిపోయాడు గనక! ఆ రోజు పదింటికి జిల్లా అధికారి తనిఖీ. ఏడాదంతా ఒక్క పాఠానికీ ఆయన నోట్సు రాయలేదు. అదే సబ్జెక్టు చెప్పే జోస్యుల గవర్రాజు ముందురోజు ఊరెళ్తూ, “నా పుస్తకం నీ దగ్గరుంచుకుని గబగబా ఎక్కించేసుకోరా,” అని ఇచ్చి వెళ్ళాడు. తలుపేసుకుని ఎక్కిస్తూ, నాలుగో పాఠం దగ్గర చెమటలు కక్కుతుండగా అటెండరు వరండాలో పరుగెత్తుతూ అరిచాడు: “రైలు నదిలో పడిపోయిందంటండీ! సెలవిచ్చేసేరండీ! తనికీ లేదండీ!”

గవర్రాజు ఆ రైల్లోనే ఉన్నాడని తెలిసింది సాయంత్రం.

శేషుకుమారి ఫారం తీసింది. “ముఖభావం అని ఒక కాలమ్ ఉందండి. శోకం, దిగ్భ్రాంతి, రోదన. మూడిట్లో ఒకటి టిక్కు పెట్టాలండి.”

“దిగ్భ్రాంతి పెట్టమ్మా.”

ఆమె ఆగినవాడి వైపు చూసింది. “పళ్ళు కనబడుతున్నాయి కదండీ.”

“ఆ నవ్వు రైలుకి కాదమ్మా. సెలవుకి. ఆ మూడు మాటలూ ఒక్క ఊపులో అరిచాడు వాడు.”

“నాకర్థమైందండి. కానీ నవ్వు ఏ మాటకొచ్చిందో చూసే ఏర్పాటు మా దగ్గర లేదండి.” ఆమె గొంతు తగ్గించింది. “ఫరవాలేదండి. ముఖసవరణ అని ఒక దరఖాస్తు ఉంది. మేస్త్రీ వచ్చి పెదాలు కలిపేసి, చివర్లు కిందికి దించేస్తాడండి. చాలామంది చేయించుకున్నారు. చేతిలో వస్తువులు కూడా తీసేస్తారు. రేడియో, పేపరు, జేబురుమాలు, ఈ మూడే ఉండనిస్తారండి.”

మాస్టారు గుండె కుదుటపడింది. దరఖాస్తు అక్కడికక్కడే నింపాడు. ఇక కావలసింది సాక్షి. ఆ రోజుల్లో స్కూల్లో పనిచేసినవాళ్ళు ఒక్కొక్కరే పోగా, ఆ వయసులో ఆయన్ని దగ్గరగా ఎరిగిన మనిషి ఊళ్ళో ఒక్కరే మిగిలారు: గవర్రాజు భార్య హైమవతి.

హైమవతి సంస్మరణ సభకు ఒక్కసారీ రాలేదు. ఆవిడ ఆగినావిడ వంటింట్లో, పొయ్యి పక్కన, పక్కింటి రేడియో వైపు తల తిప్పి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా హైమవతి ఆవిడ చుట్టూ తిరుగుతూనే వంట చేసుకుంటోంది. ఉత్తర్వు వచ్చాక, స్మృతివనంలో భర్త పేరు రాయించమని ఒకసారి మున్సిపాలిటీకి వెళ్ళింది. వార్త విన్న చోటు ధ్రువీకరించమన్నారు. ఆయన వినలేదని చెప్పింది. విననివారికి అర్హత లేదని మర్యాదగానే చెప్పి, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పంపారు.

మాస్టారు విషయం సగం చెప్పి, సగం మింగాడు. హైమవతి సంతకం పెట్టబోయే ముందు ఒక్క మాట అడిగింది.

“చూడకుండా ఎలా పెట్టను అన్నయ్యగారూ? ఓసారి చూపించండి.”

దారి పొడుగునా ఆయన ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. గదిలోకి వెళ్ళాక పక్కకు తప్పుకుని దారిచ్చాడు. హైమవతి నవ్వుతున్న భీమశంకరాన్ని చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి వెళ్ళి, అతని భుజం మీదుగా వంగి, ఎడమ చేతిలోని పుస్తకంలోకి చూసింది.

“ఇది ఆయన రాత,” అంది.

మాస్టారు గోడ మీది పటం వైపు తిరిగాడు.

“ఆ మధ్య ఇంట్లోకి వరదొచ్చినప్పుడు కాగితాలన్నీ పోయాయి అన్నయ్యగారూ. ఆయన చేత్తో రాసిన ముక్క ఒక్కటీ లేదు ఇంట్లో.” ఆవిడ చదవడం మొదలుపెట్టింది. “నదులు, వాటి ఉపయోగములు. విద్యార్థులను ముందుగా మీ ఊరి కాలువ పేరేమిటని అడగవలెను. చెప్పనివారిని కోప్పడరాదు.” ఆవిడ ఆగి, మళ్ళీ ఆ చివరి వాక్యమే చదివింది.

గుమ్మంలో ఉన్న శేషుకుమారి, ముఖసవరణలో పుస్తకం తీసేస్తారని, విరగ్గొడితే గానీ రాదని, విరిగితే పొడైపోతుందని వివరించింది. అది ఆమె డ్యూటీ.

మాస్టారు ఆలోచించడానికి రెండు రోజులు వ్యవధి అడిగాడు. ఆ రెండు రోజులూ ఆయన అన్నం సరిగ్గా తినలేదని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, తిన్నాడు. ఒకవైపు ముప్ఫై ఏళ్ళ గౌరవం, శాలువాలు, ప్రధాన వక్త కుర్చీ. ఇంకోవైపు కాలువ పేరు చెప్పలేని పిల్లల్ని కోప్పడొద్దని రాసుకున్న మనిషి. మొదటి రోజంతా కుర్చీయే గెలిచింది. రెండో రోజు అద్దంలో గడ్డం గీసుకుంటూ పెదాల చివర్లు కిందికి దించి చూసుకున్నాడు. అచ్చం ఏటా సభలో పెట్టే ముఖమే కనబడింది. అది చూసి ఆయనకే నవ్వొచ్చింది. వెళ్ళి దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు.

సవరణ లేని ప్రతిరూపానికి స్మృతివనంలో చోటు లేదు గనక, దాన్ని హైమవతి ఇంటికి చేర్చారు. నలుగురు మనుషులు మోసుకొచ్చి ముందుగదిలో దింపారు.

“ఎటు తిప్పి పెట్టమంటారమ్మా?” అన్నాడు మాస్టారు.

“మీ ముఖం గోడవైపు పెట్టించండి అన్నయ్యగారూ. పుస్తకం నాకు కనబడితే చాలు.”

ఆ ఏడు సభలో ఆయన నిజం చెప్పాడు. టీ గ్లాసు లేదు, బెంచీ లేదు, లారీ లేదు. మ్యాపుల గదిలో దొంగచాటుగా నోట్సు ఎక్కించుకుంటూ, సెలవొచ్చిందని నవ్వాను. ఆ మాటలతో దిగిపోదామనుకున్నాడు. కానీ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముందు వరసలో చాలాకాలం తర్వాత కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాటి నుంచి శేషుకుమారి బల్ల ముందు రద్దీ పెరిగింది. ముఖసవరణ చేయించుకున్నవాళ్ళు పాత ముఖం తిరిగి కావాలన్నారు. సిమెంటు కొట్టించి, గోడలు పగలగొట్టించి, అసలువాళ్ళను బయటికి తీశారు. మరుసటి ఏడు సభలో పద్దెనిమిది మంది మాట్లాడారు. ఒకాయన పరీక్ష వాయిదా పడిందని గంతేశానన్నాడు. ఒకావిడ అత్తగారు ఆ రైల్లో ఉందేమోనని ఆశపడ్డానంది. మొన్నటిదాకా ఏడ్చినవాళ్ళంతా ఇప్పుడు నవ్వినవాళ్ళయ్యారు. వాళ్ళముందు వెలవెలబోతానేమోనని మాస్టారు తన నవ్వుకు ఒక చిన్న ఈల కలిపాడు. ఆ మరుసటి ఏటికి స్టూలెక్కి ఒక గంతు కూడా వేశాడు. సభ ప్రతిసారీ చాలా బాగా జరుగుతోంది. గవర్రాజు పేరు మాత్రం ఆ మూడు సభల్లోనూ కలిపి మాస్టారు నోట రెండేసార్లు వచ్చింది, ఒకసారి తప్పుగా.

ముప్ఫై మూడో ఏట సభ మధ్యలో, ముందు వరసలో ఒకాయన ఫోను చూసుకుంటూ లేచి పక్కకు జరిగాడు. ఆయన కుర్చీలో ఆయనే ఇంకా కూర్చుని ఉన్నాడు. పక్కాయనా అలాగే అయ్యాడు. ఏదో ఘోరం జరిగిందని, వార్త ఇటే వస్తోందని అందరికీ అర్థమైంది. జనం గభాలున చెవులు మూసుకున్నారు. మోచేతులతోనే జుట్టు సర్దుకున్నారు, పైట సవరించుకున్నారు, నములుతున్నది మింగేశారు. ముఖం కుదిరిందనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే చెవుల మీంచి చేతులు తీశారు. ఈసారి నవ్వా, ఏడుపా అన్నది తేలక కొందరు ఇటూ అటూ చూశారు. వేదిక మీద మాస్టారు తల కాస్త వంచి, గుండె మీద అరచేయి వేసుకుని, అప్పుడు విన్నాడు. ఎక్కడో ఉత్తరాన గని కూలిందట.

శేషుకుమారి మూడు రోజులపాటు హాల్లో లెక్క రాసుకుంది. మొత్తం నాలుగు వందల పన్నెండు మంది. ఒక్క ముఖానికీ సవరణ అక్కర్లేదు. మాస్టారు రోజూ సాయంత్రం వచ్చి, తన కొత్త ఆగినవాణ్ణి నాలుగు వైపుల నుంచీ చూసుకుని వెళ్ళేవాడు. మూడో రోజున ఆయనకేదో గుర్తొచ్చింది.

“అవునమ్మా, ఆ గనిలో ఎంతమంది పోయారట?”

శేషుకుమారి రిజిస్టరులో రెండు పేజీలు తిరగేసింది. “ఆ కాలమ్ మాకు లేదండి మాస్టారూ. కనుక్కుని చెప్పమంటారా?”

“తీరిగ్గా చెబుదువుగానిలే,” అన్నాడాయన, తన ఆగినవాడి భుజం మీద దుమ్ము దులుపుతూ.