సర్వరు గొంతు నొక్కిందెవరు?

“నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా ఒక్క పొరపాటు చేస్తాడు తమ్ముడూ. వీడు చేసిన పొరపాటు ఏటో తెలుసా? దేముడుబాబు పనిచేసే ఆఫీసులో నేరం చెయ్యడం!”

ఈ ప్రకటన చేసి దేముడుబాబు నల్లకళ్లద్దాలు తీశాడు. తీశాకగానీ వేణుమాధవ్ ఎటువైపు కూర్చున్నాడో తెలియలేదు. అంతసేపూ ఆ మాటలు నీళ్ల క్యానుతో చెప్పాడు.

“అన్నా, నేనిటున్న,” అన్నాడు వేణుమాధవ్, తెరమీంచి తల తిప్పకుండా. “జెర పని చేసుకోనియ్యి. పొద్దటి సంది పరేషాన్‌ల ఉన్న.”

పరేషాన్ కాక ఏమౌతాడు! అప్పట్లో సికింద్రాబాదులో గ్యారేజీ ఖాళీగా ఉంటే అందులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మొలిచేది. వీళ్లది కాస్త నయం, సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ మేజరుగారి మేడమీద మొలిచింది. యజమాని తాతాజీగారు అనకాపల్లి వైపు మనిషి. చాలా ఏళ్లు ప్రభుత్వోద్యోగం చేసి, మధ్యలో మానేసి, వచ్చిన సొమ్ముతో కంప్యూటర్లు కొన్నారు. దేముడుబాబు ఆయన పెద్దమ్మగారి ఊరివాడు కాబట్టి టెస్టింగ్ ఇంజినీరయ్యాడు. ఒకసారి పోయిన మౌసును వెతికి పట్టుకున్నాడు కాబట్టి తనంతట తనే డిటెక్టివయ్యాడు. ఆ మౌసు దేముడుబాబు బ్యాగులోనే దొరికిందన్న సంగతి ఎవరూ గుర్తు చెయ్యరు.

వేణుమాధవ్ కష్టం అలాంటిది కాదు. మూడు నెలల కిందట అతనికి పెళ్లయింది. పెళ్లిచూపుల్లో “ఉద్యోగం పర్మనెంటేనా?” అని మామగారడిగితే, “పర్మనెంటే” అనేశాడు. కాలేదు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. ఇవాళ్టి డెమోలో సర్వరు పడిపోతే సోమవారం నుంచి రానక్కర్లేదని తాతాజీగారు నిన్ననే నిమ్మళంగా చెప్పేశారు. లాలాగూడ అద్దెయింట్లో లాస్య మాత్రం పర్మనెంటు ఉద్యోగస్తుడి భార్యనన్న ధీమాతో ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలా అని గోడలు కొలుస్తోంది. ఆ కొలతలు గుర్తొచ్చినప్పుడల్లా వేణుమాధవ్ రాసిన వరసే మళ్లీ రాస్తున్నాడు.

డెమో భద్రయ్య కోసం. యాప్రాల్‌లో రక్తపరీక్షల ల్యాబు ఆయనది. కొన్నాళ్లుగా అక్కడ వాడి చూస్తున్నారు, ఒప్పందం మీద సంతకం మాత్రం ఇంకా కాలేదు. పొద్దున్నే పరగడుపున జనం వచ్చి పడతారు. కౌంటరులో పిల్ల పేరు కొడితే ఆ ప్రశ్న టెలిఫోను తీగ మీదుగా సైనిక్‌పురి సర్వరులోని డేటాబేస్‌కి వస్తుంది, జవాబు తిరిగి వెళ్తుంది. ఈ రాకపోకలు చూసే సరంజామాని వేణుమాధవ్ ఒక్కడే కూర్చుని రాశాడు. ముద్దుగా ‘ఇంతెజార్’, అంటే ఎదురుచూపు, అని పేరు పెట్టుకున్నాడు. అందులో ప్రశ్నకొక థ్రెడ్. థ్రెడ్ అంటే ఆ ఒక్క పని మీదే తిరిగే మనిషి అనుకోండి. డేటాబేస్ దగ్గరకెళ్లి “ఐందా?” అని కనుక్కుంటూ ఉంటాడు, అయితే జవాబు పట్టుకొస్తాడు. కౌంటరులో పిల్ల ఈలోగా చేతులు ముడుచుకుని కూర్చోకుండా ఇంకో పేరు కొట్టుకోవచ్చు.

జనం పలచగా ఉన్నంతసేపూ బంగారంలా నడిచింది. రద్దీ మొదలైతే మాత్రం సర్వరు ఫ్యాను హోరెత్తేది, తర్వాత జవాబులు రావడం ఆగిపోయేది. ఎందుకో వేణుమాధవ్‌కి అంతు చిక్కలేదు. డేటాబేస్‌ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు, దానిలో ఏ లోపమూ లేదు.

“లోపం యంత్రంలో లేదు తమ్ముడూ,” అన్నాడు దేముడుబాబు గొంతు తగ్గించి. “మనిషిలో ఉంది. ఇది హత్య. రోజూ ఒకే శవం, రోజూ ఒకే హంతకుడు. ఎవరో కూడా కనిపెట్టేశాను.”

“ఎవరన్నా?”

దేముడుబాబు కనుబొమలతో తలుపు వైపు చూపించాడు. తలుపు అవతల రిసెప్షన్‌లో డోరా గోళ్లు రుద్దుకుంటోంది.

“డోరానా?”

“ష్! వారం రోజులుగా నిఘా వేశాను. సర్వరు పడిపోయిన ప్రతిసారీ ఆ గుంట ఫోన్‌లో ఉంది. ప్రతిసారీ! అవతలివాళ్లకి ‘సారీ, సారీ’ అంటోంది. నేరం చెయ్యనిదే సారీ ఎందుకు చెప్తాదేటి?”

“సర్వర్ పడిపోయిందని ల్యాబోళ్లు ఫోన్ జేస్తరన్నా! ఆమె ఎత్తుతది! సారీ అనక శుభాకాంక్షలు అంటదా?”

దేముడుబాబు జేబులోంచి నోటుబుక్కు తీశాడు. “అంటే ల్యాబువాళ్లు కూడా ముఠాలో ఉన్నారన్నమాట,” అన్నాడు. “కేసు నేననుకున్నదానికన్నా లోతుగా ఉంది.”

అప్పుడే తాతాజీగారు తలుపు తోసుకుని వచ్చారు. “అయిందా?”

“చూస్తున్న సార్.”

“చూడు, చూడు.” ఆయన గది దాటి మెట్లదాకా వెళ్లి వెనక్కి వచ్చారు. “అయిందా?”

తాతాజీగారికి దేవుడి మీద ఎంత నమ్మకమో ఫాలో-అప్ మీద అంత నమ్మకం. సర్కారీ ఆఫీసుల్లో ఫైలు దానంతటది కదలదనీ, దాని వెనకాల ఒక మనిషిని పెట్టి గంట గంటకీ అడిగిస్తేనే బల్ల మారుతుందనీ ఆయన అనుభవం. మేడమీద కంపెనీ కూడా ఆ సూత్రం మీదే నడుస్తోంది.

భద్రయ్య సాయంత్రం వచ్చాడు. మాట మొరటుగా ఉన్నా మనసు మంచిదే. సర్వరు గదిలో కుర్చీ వేసుకుని, చాయ్ పట్టుకుని కూర్చున్నాడు. “పొద్దున మా దగ్గర ఎంత గిరాకీ ఉంటదో అంతా ఇక్కడ నడిపియ్యి బిడ్డా. రిపోర్టులు నా ముంగట ప్రింటరుల నుంచి రావాలె. వస్తె సంతకం పెడత. రాకపోతె నా తొవ్వ నేను చూస్కుంట.”

వేణుమాధవ్ మీట నొక్కాడు. సర్వరు తెరమీద నల్లటి కిటికీలో వరసలు పరుగందుకున్నాయి: ఐందా? లేదు. ఐందా? లేదు. ప్రింటరు రెండు రిపోర్టులు కక్కింది. ఫ్యాను హోరెత్తింది. ఆ తర్వాత ప్రింటరు నోరు మూసుకుంది.

“అయిందా?” అన్నారు తాతాజీగారు.

“ఏందీ, ఆగింది?” అన్నాడు భద్రయ్య.

వేణుమాధవ్ కళ్ల ముందు మామగారు కనిపించారు. ఆయన పక్కనే, ఇంకా కొనని ఫ్రిజ్ కనిపించింది.

“ఎవరూ కదలొద్దు!”

గుమ్మంలో దేముడుబాబు. ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో పౌడరు డబ్బా. “శవం ఇంకా వెచ్చగానే ఉంది. వేలిముద్రలు తియ్యాలి.”

“అన్నా, వద్దు. నీకు దండం పెడత.”

దేముడుబాబు వినలేదు. కీబోర్డు మీద పౌడరు వానలా చల్లాడు. సగం భద్రయ్య చాయ్‌లో పడింది. “చూశారా, ‘ఎస్’ అక్షరం మీద స్పష్టమైన ముద్ర. వేణూ, నీ వేలు చూపించు.”

“అది నా కీబోర్డే అన్నా. నా వేలు కాక ఎవని వేలు ఉంటది?”

“ఒప్పుకున్నావా? రాసుకుంటున్నాను.” అంతలో ఆయన చూపు నల్లకిటికీ మీద పడింది. వరసలు జలపాతంలా దూకుతున్నాయి. “ఇదేటిది? రహస్య సందేశం! ఎవరో ఎవరినో ఏదో అడుగుతున్నారు. ఇంత జోరుగా పారిపోతే ఎలగ చదువుతాం? ఆగు, నిన్ను పట్టుకుంటాను.”

అంటూ మౌసుతో ఆ వరసల్ని నొక్కి పట్టుకుని లాగాడు. ఆ కిటికీకి ఒక గుణం ఉంది: అందులో అక్షరాల్ని మౌసుతో పట్టుకుంటే, వదిలేదాకా అది కొత్త వరస రాయనివ్వదు. రాయడానికి వచ్చిన థ్రెడ్ ఎక్కడిదక్కడే నిలబడిపోవాలి. అడిగినప్పుడల్లా ఒక వరస రాయాలి కాబట్టి, అడిగేవాళ్లందరూ నిలబడిపోయారు.

గది నిశ్శబ్దమైంది. ఫ్యాను హోరు తగ్గింది. ప్రాసెసరు ఎంత కష్టపడుతోందో చూపించే గీత తెర మూలన అంతసేపూ పైకప్పుకి తగిలే ఉంది. అది కాస్సేపు ఊగి, జారి, నేల మీద పడుకుంది.

“చంపేశావురా!” అన్నారు తాతాజీగారు.

“నేనా? నేను సాక్ష్యం...” దేముడుబాబు ముక్కు ఎగబీల్చాడు. పౌడరు పని చేసింది. మేజరుగారి కుక్క కూడా ఉలిక్కిపడి మొరిగేంత పెద్ద తుమ్ము తుమ్మి, నుదురు కీబోర్డుకి కొట్టుకున్నాడు. ఏ మీట తగిలిందోగానీ కిటికీకి పట్టు వదిలింది.

ఐంది. ఐంది. ఐంది. ఐంది.

ప్రింటరు పూనకం వచ్చినట్టు ఊగింది. రిపోర్టులు గుట్టగా పడ్డాయి. భద్రయ్య పౌడరు చాయ్ పక్కన పెట్టి కాగితాలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. కొత్త ప్రశ్నలు వచ్చేసరికి మళ్లీ ఫ్యాను హోరు, మళ్లీ మౌనం.

వేణుమాధవ్‌కి అప్పుడు వెలిగింది. అడిగేవాళ్లు ఆగినంతసేపే డేటాబేస్ పని చేసింది! దానిలో లోపం ఎందుకుంటుంది? పాపం, అంతమందికీ లేదు, లేదు, లేదు అని చెప్పుకోవడంతోనే దాని బతుకు తెల్లారిపోతోంది.

కుర్చీలోకి దూకాడు. మొదట్లో తను రాసిన వరస ఒకటి ఉండేది: ఒకసారి అడిగాక కాస్సేపు విశ్రాంతి తీసుకుని మళ్లీ అడుగు, అని. నెలల కిందట ఎవరి మాట మీదో దాన్ని కొట్టేశాడు. అప్పుడు చేతిలో ఉన్నవి నాలుగైదు ప్రశ్నలే కాబట్టి తేడా తెలియలేదు. ఇప్పుడు ఆ వరస మళ్లీ పెట్టి నడిపించాడు.

ఫ్యాను మెల్లగా తిరిగింది. రిపోర్టులు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా వచ్చాయి. పొద్దుటి రద్దీ అంతా అయిపోయింది, ప్రింటరులో కాగితాలు కూడా అయిపోయాయి.

“శభాష్!” అన్నాడు భద్రయ్య. “గింతకీ రోగమేంది బిడ్డా?”

“అడుగుడు ఎక్కువైంది సార్. అయిందా అయిందా అని అందరు ఆగకుండ అడుగుతుంటె, జవాబు చెప్పుడే సరిపోయింది. పని జేసే టైమ్ దానికి దొరకలె. నడుమల జెర ఆగి అడగమని పెట్టిన.”

“అంత తెలివితక్కువగా ఎవరు రాశారయ్యా?” అన్నారు తాతాజీగారు, కస్టమరు ముందు కాస్త కోపంగానే.

“నేనే సార్. మొదలు విశ్రాంతి పెట్టిన, తర్వాత తీసేసిన.”

“ఎందుకు తీశావు?”

వేణుమాధవ్ గోడకేసి చూశాడు. నిజం చెప్తే ఉద్యోగం పోతుంది, చెప్పకపోయినా పోతుంది. “తియ్యమన్నరు సార్. ఫాలో-అప్‌ల పండుకునుడు ఏందని... అన్నరు.”

ఎవరన్నారో అతను చెప్పలేదు. చెప్పకుండా ఊరుకునే మనిషి కాదు దేముడుబాబు. నుదుటి నిండా పౌడరుతో ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. నేరస్థుడు ఎవరో చూసుకోకుండానే, జీవితమంతా దాచుకున్న వేలు చాచాడు.

“ఫాలో-అప్! ఆ మాట ఈ మేడమీద వాడేది ఒకే ఒక్కడు. ఆట కట్టయింది! హంతకుడు మీరే సా...”

‘ర్’ గొంతులోనే ఉండిపోయింది. చాచిన వేలు తాతాజీగారి చొక్కా గుండీకి ఆనుకుని ఉంది.

ముందు భద్రయ్య నవ్వాడు. కుర్చీ కిర్రుమనేలా, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. “మా ల్యాబుల సుత నేను గట్లనే అడుగుత సార్. పిల్లలు సూదులు కింద పడేస్తరు! తేండి, సంతకం పెడత. గానీ ఈ పిలగాడు ఉంటెనే. వీడు లేకుంటె నాకు మీ కంపెనీతోని పనిలేదు.”

తాతాజీగారు నల్లబడి, ఎర్రబడి, కస్టమరు నవ్వుతున్నాడు కాబట్టి తనూ నవ్వారు. “ఉంటాడండీ. ఎక్కడికెళ్తాడు? ఇవాళ్టి నుంచి పర్మనెంటు.” తర్వాత దేముడుబాబు వైపు తిరిగారు. “నువ్వు వేలు తియ్యి.”

దేముడుబాబు వేలు తీసి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, గోడకి తగిలి బయటికి నడిచాడు. వేణుమాధవ్‌కి ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. అంత చేతకాని మనిషి ప్రపంచంలో ఇంకొకడు లేకపోవడం తన అదృష్టమనుకున్నాడు.

ఆ సంతోషం కడుపులో ఇమడలేదు. డోరా బల్ల మీది ఫోనందుకుని లాలాగూడలో ఇంటివాళ్ల నంబరు కొట్టాడు. లాస్యను పిలవమన్నాడు. ఆమె మెట్లు దిగి వచ్చేదాకా ఒంటికాలి మీద నిలబడ్డాడు.

“లాస్యా! నౌకరి పర్మనెంట్ అయింది!”



“మళ్లానా?” అంది లాస్య.