రంగన్న కట్టె

పెద్దకడుబూరు రంగన్నకు ఆ పొద్దున ఒకటే పట్టుదల. పత్తి ఏరాక మిగిలిన కట్టెను అందరూ ఊరికే తగలబెడుతుంటే, ఆయన దాన్ని డ్రమ్ములో గాలాడకుండా కాల్చి, బొగ్గు చేసి, నేలకు ఎరువుగా వేస్తానంటాడు. ఇవాళ చేసి చూపించి, ఇరవైమంది రైతులతో సంఘం దరఖాస్తు మీద సంతకాలు పెట్టిస్తే వ్యవసాయ శాఖ నుంచి ఊరికి పెద్ద డ్రమ్ము వస్తుంది. లేదంటే పక్కూరికి పోతుంది.

ఇంతకుముందు రెండుసార్లు ఊరి వాట్సాప్ గ్రూపులో చాంతాడంత ఆహ్వానం పెడితే పురుగు కూడా రాలేదు. అందుకని ఈసారి క్లుప్తంగా రాశాడు. తన ఫోనులో డేటా లేక, భార్య సుంకులమ్మ ఫోనులోంచి పంపాడు: "ఈరోజు పదకొండుకు చేలో రంగన్న కట్టె కాలుస్తున్నాము. అందరూ రావలెను."

కాసేపటికి ఆస్పరి నుంచి ఆమె తమ్ముడు దేవరాజు ఫోన్ చేశాడు.

"అక్కా, నిజమేనా?"

"నిజమేరా. పదకొండుకే."

"అంత తొందరేమక్కా?"

"ఇంగా ఉంచితే పురుగు పడతాది."

దేవరాజు ముక్కు చీదాడు. "బావ ఏమన్నా సెప్పినాడా?"

"సెప్పినాడు. బొగ్గంతా చేలోనే చల్లల్లంట."

పదిన్నరకు ఆటోల్లో, ట్రాక్టర్లో జనం పూలదండలతో దిగారు. బతికున్నవాడు పిలిస్తే రాని ఊరు ఇది! శాఖ తరఫున పరిశీలనకొచ్చిన జ్యోత్స్న మేడం ఆ ఏడుపులకు బిత్తరపోయి, దేవరాజును పక్కకు పిలిచింది. అతను కళ్లు తుడుచుకుంటూ చెప్పిన వివరాలన్నీ దరఖాస్తు పైన రాసుకుంది.

అప్పుడే పొగలోంచి రంగన్న ఒళ్లంతా మసితో బయటికొచ్చాడు. ముందు వరస పరుగందుకుంది.

"యాడికి పోతాండారప్పా? బతికే ఉండాను!"

సంగతి తెలిశాక కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. "పని చెడగొట్టుకోని వచ్చినామే!" అని ఒక పెద్దయ్య దండ విసిరికొట్టి వెనుదిరిగాడు. రంగన్న దారికడ్డంగా నిలబడ్డాడు.

"నేను సస్తే వచ్చేదానికి తీరుబడి ఉండాది, బతికుంటే లేదా? ఈ పొద్దు పోతే డ్రమ్ము మళ్లా రాదు. చూసి, సంతకం పెట్టి పోండి!"

ఊరివాళ్లు సిగ్గుపడ్డారు. బొగ్గు చేత్తో నలిపి చూశారు. ముప్పై నాలుగు సంతకాలు పడ్డాయి. ఆ సంబరంలో దరఖాస్తు పైన ఏం రాసుందో ఎవరూ చదవలేదు, కొట్టేయడం మేడానికీ గుర్తులేదు.

వారానికి ఉత్తరం వచ్చింది. 'కీ.శే. రంగన్న స్మారక రైతు సంఘం'కు డ్రమ్ము మంజూరైంది. తీసుకొనుటకు కీ.శే. రంగన్న ఆధార్ కార్డుతో స్వయంగా హాజరు కావలెనని కింద రాసి ఉంది.